కంచెకు కాపలా ఎవరు?

సముద్రం ముఖం ఎరుగని జిల్లా మాది. ఎటు చూసినా వేరుశనగ చేలు, బోడి గుట్టలు, అడుగంటిన చెరువులు. వర్షం కొలతల్లో రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత మాదేనని చిన్ననాటి నుండీ వింటూ పెరిగిన వాళ్ళం. అటువంటి చోట కూర్చుని ఓడరేవు ప్రహరీగోడల గురించీ, వాటి కాపలా టెండర్ల గురించీ వ్రాయబూనటం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ మా నేలకూ ఆ రేవులకూ ఒక పాత లెక్క ఉన్నది. మా గుట్టల ఎర్రమట్టి ఆ రేవుల మీదుగానే దేశం దాటింది. మా పల్లెల కుర్రవాళ్ళు పొట్ట చేతబట్టుకొని వెళ్ళి నిలబడేది కూడా అటువంటి గేట్ల ముందరే. కనుక ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు మాకూ కొంత ఉన్నదని నమ్ముతున్నాను.

రేవు భద్రత అనగానే మన కళ్ళ ముందు మెదిలేది ఎత్తైన గోడ, దాని మీద ముళ్ళతీగ, స్తంభాలకు కెమెరాలు, గేటు దగ్గర తుపాకీ పట్టిన జవాను. 2001 సెప్టెంబరులో అమెరికాలో జంట భవనాలు కూలిన తర్వాత ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఓడలకూ రేవులకూ ఒక భద్రతా నియమావళిని వ్రాసుకున్నాయి. ఐ.ఎస్.పి.ఎస్. కోడ్ అని దానికి పేరు. 2004 జులై 1 నుండి అమలులోకి వచ్చింది. ప్రతి రేవుకూ ఒక భద్రతా ప్రణాళిక ఉండాలి, దానికి బాధ్యుడైన ఒక అధికారి ఉండాలి, ఎవరు లోపలికి వచ్చారో, ఏ సరుకు వచ్చిందో తెలిసి ఉండాలి, ముప్పును బట్టి మూడు స్థాయిలలో జాగ్రత్తలు పెరగాలి. ఇదీ దాని సారాంశం. 2008 నవంబరు 26న ముంబయి మీద దాడి చేసినవారు సముద్రం మీదుగా రావటంతో మన తీరమంతటా ఈ జాగ్రత్తల మాట మరింత గట్టిగా వినిపించింది.

ఇవేవీ తప్పని నేననను. కానీ ఈ ఆలోచన అంతా ఒక ఊహ మీద నిలబడి ఉన్నది. దొంగ గోడ దూకి వస్తాడన్నది ఆ ఊహ. మన అనుభవం వేరుగా ఉన్నది. మన రేవులలో జరిగిన పెద్ద నష్టాలను ఒక్కొక్కటిగా చూస్తే, గోడ దూకినవాడు దాదాపు కనబడడు. అందరూ గేటులోంచే వచ్చారు, గేటులోంచే పోయారు. చేతిలో కాగితం ఉన్నది, కాగితం మీద ముద్ర ఉన్నది. "కంచే చేను మేస్తే" అని పెద్దలు ఊరికే అనలేదు. నా వాదన ఒక్కటే: కంచె ఎంత గట్టిదన్నది గోడ ఎత్తు బట్టి తేలదు, కాపలాకు వ్రాసుకున్న ఒప్పందం బట్టి తేలుతుంది.

కావలి ఒప్పందం మా సీమకు కొత్త సంగతి కాదు. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు, దత్తమండలాల కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. అప్పటికే ఇక్కడ కావలి అనే ఏర్పాటు వేళ్ళూనుకొని ఉన్నది. ఊరికొక తలారి. కొన్ని ఊళ్ళ మీద ఒక పాలెగాడు. ఊరివారు కావలి రుసుము చెల్లిస్తారు, వాళ్ళు పంటనూ పశువులనూ సొత్తునూ కాయాలి. ఈ ఏర్పాటులో ఒక షరతు ఉండేది. సొత్తు పోతే దొంగను పట్టి సొత్తు తెచ్చి ఇవ్వాలి, అది చేతకాకపోతే దాని విలువను కావలివాడే చెల్లించుకోవాలి. నష్టం కాపలాదారు మీద పడేది.

అయితే ఆ ఏర్పాటును నెత్తిన పెట్టుకోనక్కరలేదు. రుసుము ఇవ్వని ఊళ్ళో దొంగతనాలు జరిగేవి, చేసేది ఎవరో ఊరందరికీ తెలిసేది. కాచేవాడే దోచేవాడైతే అడిగే దిక్కు లేకపోయింది. అంటే ఆ పాత ఒప్పందంలో ఒక మంచి షరతూ ఒక ఘోరమైన లోపమూ ఉన్నవి. నష్టానికి బాధ్యత కావలివాడిది కావటం మంచి షరతు. కావలివాడి మీద మరొక కావలి లేకపోవటం లోపం. రెండు వందల ఏళ్ళ తర్వాత మనం ఏం చేశామంటే, ఆ మంచి షరతును తీసివేసి లోపాన్ని మాత్రం భద్రంగా నిలుపుకున్నాం. ఈ మాట ఎందుకంటున్నానో మా ఓబుళాపురం కథ చూస్తే తెలుస్తుంది.

అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని, బళ్ళారి రిజర్వు అడవి అంచున ఉన్న గ్రామం ఓబుళాపురం. అక్కడి ఇనుప ఖనిజానికి చైనా గిరాకీ తోడై ధర ఆకాశానికి ఎక్కిన రోజులవి. 2007 జూన్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఓబుళాపురం మైనింగ్ కంపెనీకి అక్కడ కొత్త లీజులు మంజూరు చేసింది. ఖనిజాన్ని సొంత ఉక్కు కర్మాగారానికే వాడుకోవాలనే అర్థమిచ్చే 'కాప్టివ్' అన్న ఒక్క మాట ఆ ఉత్తర్వులలో లేకుండా పోయిందన్నది తర్వాత సి.బి.ఐ. మోపిన అభియోగాలలో ఒకటి. ఒక్క మాట! ఉక్కుగా మారవలసిన మట్టి ఓడ ఎక్కటానికి ఆ మాట లేకపోవటం చాలు. రెండు రాష్ట్రాల నడుమ ఉన్న హద్దు గుర్తులు చెరిగిపోయాయన్న వివాదం రేగి, హద్దు ఎక్కడో తేల్చటానికి చివరకు సర్వే ఆఫ్ ఇండియాను పిలవవలసి వచ్చింది. 2009 డిసెంబరులో సి.బి.ఐ. కేసు నమోదయింది. 2011 సెప్టెంబరు 5న గాలి జనార్దన రెడ్డి అరెస్టయ్యారు. 2025 మే 6న హైదరాబాదు సి.బి.ఐ. కోర్టు ఆయనకూ, మాజీ గనుల శాఖ డైరెక్టరుతో సహా మరికొందరికీ ఏడేళ్ళ జైలు శిక్ష విధించింది, అప్పటి గనుల మంత్రిని నిర్దోషిగా వదిలివేసింది. అదే ఏడాది జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఆ శిక్ష అమలును నిలిపివేసి బెయిలు ఇచ్చింది. కేసు మంచిచెడ్డలు కోర్టులు చూసుకుంటాయి. నాకు కావలసింది ఖనిజం పోయిన దారి.

బళ్ళారి ప్రాంతపు ఖనిజం పడమట బేలేకేరి, కార్వార్, తూర్పున చెన్నై, కృష్ణపట్నం వంటి రేవులకు లారీలలోనూ రైళ్ళలోనూ చేరేది. వీటిలో బేలేకేరి చిన్న రేవు. ఉత్తర కన్నడ జిల్లాలో, అంకోలా దగ్గర ఉన్నది. 2010 మార్చిలో కర్ణాటక అటవీ అధికారులు సరియైన అనుమతులు లేని ఖనిజాన్ని ఆ రేవులో స్వాధీనం చేసుకున్నారు. గుప్పెడు కాదు, లక్షల టన్నులు. స్వాధీనం చేసుకున్న సరుకు ఎక్కడికి తరలించాలి? తరలించే వీలు లేదు. ఉన్నచోటనే ఉంచి, రేవు అధికారులకే అప్పగించారు. రేవులో స్థలాలు అద్దెకు తీసుకొని ఖనిజం నిలవ చేసుకునే కంపెనీలు ఆ సరుకు చుట్టూ తమ పని తాము చేసుకుంటూనే ఉన్నాయి. కొద్ది నెలలకు చూస్తే అందులో చాలా భాగం లేదు. ఓడలెక్కి వెళ్ళిపోయింది.

ఒక్కసారి చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక్క లక్ష టన్నుల మట్టి కదలాలంటే 20 టన్నుల లారీలు 5,000 మార్లు తిరగాలి. పోగుల దగ్గర పొక్లెయినర్లు పగలూ రాత్రీ పనిచేయాలి. ఓడలు వచ్చి లంగరు వేయాలి, వాటికి పత్రాలు కావాలి, సంతకాలు కావాలి. ఇది గోడకు కన్నం వేసి చేసే పనియేనా? పది అడుగుల గోడను ఇరవై అడుగులకు పెంచినా ఒక్క తట్ట మట్టి ఆగి ఉండేదా? ప్రహరీ చెక్కుచెదరలేదు. చేను మాత్రం ఖాళీ అయింది.

సరుకును సీజ్ చేయించిన అటవీ అధికారిని సస్పెండు చేయాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు, అప్పటి కర్ణాటక లోకాయుక్త సంతోష్ హెగ్డే 2010 జూన్‌లో రాజీనామా చేశారు, తర్వాత దానిని ఉపసంహరించుకున్నారు. 2011 జులైలో ఆయన ఇచ్చిన నివేదిక అక్రమ మైనింగు వల్ల ప్రభుత్వానికి కలిగిన నష్టాన్ని 16,085 కోట్ల రూపాయలుగా లెక్కకట్టింది. ఆ నివేదిక వచ్చిన కొద్ది రోజులకే ముఖ్యమంత్రి యడ్యూరప్ప పదవి వదులుకోవలసి వచ్చింది. బేలేకేరి కేసులో 2024 అక్టోబరులో బెంగుళూరు ప్రత్యేక న్యాయస్థానం కార్వార్ శాసనసభ్యుడు సతీశ్ సైల్‌కు ఏడేళ్ళ శిక్ష విధించింది. ఆయనతోపాటు దోషిగా తేలినవారిలో ఆ రేవు అధికారి కూడా ఉన్నారు. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు శిక్షను నిలిపివేసింది. సీజ్ అయిన మట్టికీ తీర్పుకీ నడుమ పద్నాలుగేళ్ళు గడిచాయి.

ఇందులో నాకు కనబడే పాఠం ఇది. గేటు తెరిస్తే లాభం ఎవరికో వారి ముంగిట్లోనే సరుకును వదిలిపెట్టాం. నష్టం వస్తే జేబులోంచి చెల్లించాలన్న షరతు ఎవరి మీదా లేదు. మన్రో కాలపు పాలెగాడికి ఉన్నపాటి పూచీ కూడా ఇక్కడ లేకపోయింది.

బేలేకేరి పాత కథ, ఇప్పుడంతా మారిపోయిందంటారా? 2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా రేవులో 2,988 కిలోల హెరాయిన్ దొరికింది. ఆఫ్ఘనిస్తాన్ నుండి ఇరాన్ మీదుగా వచ్చిన టాల్కం రాయిగా కాగితాలలో ఉన్నది. దిగుమతిదారు చిరునామా మన విజయవాడ. అక్కడ గోడ లేదా, కెమెరాలు లేవా? అన్నీ ఉన్నాయి. కంటెయినరు దర్జాగా కాగితాలతోనే వచ్చింది. రేవు నడిపే సంస్థను అడిగితే, పెట్టె తెరిచి చూసే అధికారం తమకు లేదని, అది కస్టమ్స్ వారిదని చెప్పింది. చట్టప్రకారం అది నిజమే. అక్కడ పట్టుకున్నది కూడా రెవెన్యూ నిఘా అధికారులు, అదీ కాగితాల వెంట పోయి. గోడ ఒకరిది, కాగితం మరొకరిది, నీళ్ళు ఇంకొకరివి. నష్టం వచ్చిన రోజున ప్రతివారికీ ఒక నిజమైన జవాబు ఉంటుంది. అందరి జవాబులూ నిజమే అయినచోట బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది.

2024 నవంబరు 29న ఉపముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ కాకినాడ రేవుకు వెళ్ళి, స్టెల్లా ఎల్ అనే ఓడలో పేదల రేషన్ బియ్యం ఉన్నదంటూ ఓడను సీజ్ చేయమన్నారు. అన్ని లారీలు వచ్చిపోయే చోట భద్రతా సిబ్బంది అంత తక్కువగా ఉండటం చూసి ఆయన బహిరంగంగానే ఆశ్చర్యపోయారు. తర్వాత జరిగిన పరిశీలనలో 1,320 టన్నుల రేషన్ బియ్యాన్ని గుర్తించి దించారు. 2025 జనవరిలో ఓడ వెళ్ళిపోయింది. కరువు జిల్లావాడిగా ఆ వార్త నన్ను బాగా నొప్పించింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం మొదలయినప్పటినుండీ ఆ గింజలు మా పల్లెలలో ఎన్ని పొయ్యిలు వెలిగించాయో మాకు తెలుసు. ఆ గింజ రేషన్ డిపో నుండి రేవు దాకా ఎన్ని గేట్లు దాటి ఉండాలి! ఏ గేటులోనూ గోడ దూకలేదు.

ఇకపోతే అసలు విషయానికి, అంటే కాపలా కాంట్రాక్టుకు వద్దాం. విశాఖ వంటి కేంద్ర ప్రభుత్వ మేజర్ రేవులలో సి.ఐ.ఎస్.ఎఫ్. బలగం ఉంటుంది. రాష్ట్రం కింద ఉండే రేవులలో, గోదాములలో, యార్డులలో కాపలా ఎక్కువగా ప్రైవేటు ఏజెన్సీల చేతిలో ఉంటుంది. ఏజెన్సీని ఎంచుకునేది టెండరుతో. అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడికి పని. దీనినే ఆఫీసు భాషలో ఎల్-1 అంటారు. సిమెంటు బస్తాలు కొనేటప్పుడు ఈ పద్ధతి బాగానే ఉంటుంది. కాపలా దగ్గర అది తలక్రిందులవుతుంది. ఎందుకంటే కాపలా ఖర్చులో దాదాపు అంతా మనుషుల జీతమే. ఆ జీతానికి చట్టం ఒక కనీస హద్దు పెట్టింది. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. శాతాలు కూడా చట్టం పెట్టినవే. ఇక తగ్గించటానికి మిగిలేది ఏజెన్సీ సర్వీసు ఛార్జీ ఒక్కటే. పోటీలో అది సున్నా దగ్గరికి దిగుతుంది. సున్నా లాభానికి వ్యాపారం చేసే ధర్మాత్ముడు ఎక్కడైనా ఉంటాడా? ఆ లాభం మరొక దారిన వస్తుంది. మూడు షిఫ్టుల మనుషులను రెండు షిఫ్టులకు కుదిస్తారు. హాజరు పట్టీలో ఉన్న పేరు గేటు దగ్గర ఉండదు. యూనిఫారానికీ బూట్లకూ జీతంలో కోత పడుతుంది.

చట్టం లేక కాదు. 2005 నాటి ప్రైవేటు భద్రతా ఏజెన్సీల చట్టం కింద వచ్చిన నమూనా నియమాల ప్రకారం ప్రతి గార్డుకూ 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలి. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతిలోనూ ఆ సూత్రం ఉన్నది. ఇన్ని ఉన్నా టెండరు పత్రంలో చివరకు అందరి కళ్ళూ నిలిచేది కింది వరుసలోని ఒక్క అంకె మీదనే.

మా పక్క పల్లె కుర్రవాడొకడు రెండేళ్ళు తీరాన ఒక గేటు దగ్గర పనిచేసి వచ్చాడు. ఏ రేవో, ఏ ఏజెన్సీయో చెప్పటం ఇక్కడ అనవసరం. బోరు ఎండిపోయి, వేరుశనగ వరుసగా రెండేళ్ళు చేతికి రాక పోయినవాడు. రోజుకు పన్నెండు గంటల డ్యూటీ. శిక్షణ ఏమిచ్చారని అడిగాను. నవ్వాడు. "లారీ నంబరు రాసుకోమన్నారన్నా. లోపల ఏముందో చూడమని ఎవురూ చెప్పల్యా. ఒగవేళ చూసి ఆపినామనుకో, పోయేది నా పనే గదా" అన్నాడు. ఆ మాటలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. జీతం ఇచ్చేది ఏజెన్సీ. ఏజెన్సీకి బిల్లు చెల్లించేది రేవు. రేవుకు ఆదాయమిచ్చేది ఆ లారీల సరుకువారు. ఇంతమంది పైన ఉండగా ఆ సరుకును ఆపే ధైర్యం, నెల తిరిగితే ఇంటికి నాలుగు రూకలు పంపవలసిన కుర్రవాడికి ఎక్కడినుండి రావాలి? కోట్ల విలువైన సరుకుకు ఆఖరి కావలి అతడే. మొదట ఉద్యోగం పోయేదీ అతడికే.

"గార్డులే లంచాలకు లొంగిపోతారు, మనిషిని తగ్గించి యంత్రాన్ని పెంచాలి" అని వాదించే మిత్రులున్నారు. యంత్రం మంచిదే. కానీ తూకపు యంత్రం అంకె చెబుతుంది, ఆ అంకె ఎవరు చూస్తున్నారన్నది చెప్పదు. బేలేకేరిలో మట్టి పోయిన సంగతి చెప్పటానికి కెమెరా కావాలా? కొండంత పోగు తరిగిపోతుంటే మామూలు కన్ను చాలు. చూసినవాడు చెప్పగల స్థితిలో ఉండటమే కావలసింది.

"భద్రతా విషయాలు బయటపెట్టకూడదు" అన్నది మరొక అభ్యంతరం. కెమెరా ఏ మూలన ఉన్నదో చెప్పవద్దు, నేనూ ఒప్పుకుంటాను. కానీ కాంట్రాక్టు ఎంతకు పోయింది, అందులో ఎందరు మనుషులకు జీతం చెల్లిస్తున్నారు, సరుకు మాయమైతే ఎవరు ఎంత చెల్లించాలని వ్రాసుకున్నారు, ఇవి రహస్యాలు ఎట్లా అవుతాయి? 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను, ప్రభుత్వ సంస్థలు ఇటువంటివి ఎవరూ అడగకుండానే ప్రకటించాలంటున్నది. రహస్యం అనే తెర భద్రతను కాపాడేది కొంత, లోపాన్ని కాపాడేది ఎక్కువ.

మన రాష్ట్రంలో టెండర్ల సంస్కరణ అనగానే ధర చుట్టూనే చర్చ తిరుగుతుంది. 2019లో రివర్స్ టెండరింగ్ తెచ్చారు, 2024లో తీసివేశారు. తెచ్చినప్పుడు ఎంత మిగిలిందన్న లెక్కలు, తీసివేసినప్పుడు ఎంత నష్టమయిందన్న లెక్కలు. రెండు వేళలా కొలబద్ద ధరే. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ, కొన్ని రకాల పనులకు నాణ్యతకూ 30 శాతం వరకు మార్కులు ఇవ్వవచ్చునని మార్గదర్శకాలు ఇచ్చింది. కాపలాకు అది తప్పనిసరి కావాలని నా అభిప్రాయం. ఇంకొక అడుగు ముందుకు వేసి, మనిషి జీతాన్ని అసలు పోటీలోంచే తప్పించాలి. జీతం ఇంత, మనుషులు ఇందరు అని ప్రభుత్వమే నిర్ణయించి, శిక్షణ, అనుభవం, గత చరిత్ర మీద మాత్రమే ఏజెన్సీలు పోటీపడాలి. జీతం ఏజెన్సీ చేతి మీదుగా కాక గార్డు ఖాతాలోకి నేరుగా చేరాలి. సీజ్ చేసిన సరుకు కావలి, ఆ రేవులో వ్యాపారం చేసేవారికీ వారితో రోజూ పని ఉన్న అధికారికీ కాక, బయటి సంస్థకు అప్పగించాలి. సరుకు పోతే దాని విలువలో కొంత భాగమైనా సంతకం చేసినవారి డిపాజిటులోంచి రావాలి. ఆ పాత కావలి షరతులోని న్యాయం ఇదే. లారీని ఆపిన గార్డును కారణం వ్రాయకుండా తొలగించరాదన్న ఒక్క వాక్యం కూడా ఒప్పందంలో చేరాలి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇదంతా ఇప్పుడే మాట్లాడుకోవటానికి కారణం ఉన్నది. రామాయపట్నం, మూలపేట, మచిలీపట్నం కొత్త రేవులకు 2022, 2023 సంవత్సరాలలో శంకుస్థాపనలు జరిగాయి. గోడలు లేస్తాయి, కెమెరాలు అమరుతాయి, వాటి ఫొటోలు పత్రికలలో వస్తాయి. ఆ గోడల వెనుక కాపలా ఒప్పందాలు ఎవరి కంటా పడకుండా ఏదో ఒక ఆఫీసు బల్ల మీద సంతకాలవుతాయి. రామాయపట్నానికి దగ్గరలో ఉన్న పట్టణం పేరు కావలి కావటం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ ఆ మాటకు అర్థమేమిటో ఒక్కసారి గుర్తు చేసుకోవటానికి అది పనికివస్తుంది.

గోడ కట్టిన మేస్త్రీ పని గోడతో అయిపోతుంది. ఆ గోడ ఎవరిని ఆపాలో, ఎవరిని పోనివ్వాలో తేల్చేది మాత్రం నాలుగు పేజీల ఒప్పందం. మన పన్నులతో వ్రాయించుకునే ఆ నాలుగు పేజీలను, శంకుస్థాపన ఫలకాన్ని చదివినంత శ్రద్ధగా మనం ఎన్నడూ చదవలేదు. చదవటం ఇకనైనా మొదలుపెడదాం.